టికెట్ ఎత్తేస్తే ఆట నిలబడుతుందా?

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్ళు ముందుకు రావచ్చండి, ఇటువైపు రెండు వరసలు ఖాళీగానే ఉన్నాయి.

ఇవాళ మనం ఒకే ఒక్క ప్రశ్న పట్టుకుందాం. డబ్బు పెట్టి కొనుక్కుని, నలుగురూ కలిసి ఆడే ఆన్‌లైన్ ఆట ఒకటుంది. జనం తగ్గిపోతున్నారు. ఆట తయారుచేసిన స్టూడియోలో ఎవరో ఒకరు లేచి, "ఉచితం చేసేద్దాం" అంటారు. చేస్తే బతుకుతుందా?

నా జవాబు ముందే చెప్పేస్తాను, తర్వాత వాదించుకుందాం. ఉచితం చేస్తే జనం వస్తారు. దాదాపు ప్రతిసారీ వచ్చారు. కానీ వచ్చినవాడు ఉండిపోవడానికి ఆ ఆటలో అంతకుముందే ఒక కారణం ఉండాలి. ధర తీసేస్తే ఆ కారణం పుట్టదు. చిల్లు కడవలో చెంబుతో పోసినా బిందెతో పోసినా ఒకటే కదా? బిందెతో పోస్తే కాసేపు నిండుగా కనపడుతుంది, అంతే. ఆ కాసేపు చూసి మోసపోయిన ఆటలు చాలా ఉన్నాయి.

అసలు జనం తగ్గితే ఆట ఎందుకు చస్తుంది? మనం సినిమాని కూడా ఆటే అంటాం. మార్నింగ్ షో, మ్యాట్నీ, రెండో ఆట. ఆ ఆటకి హాల్లో పదిమందే ఉన్నా నా సినిమా నాకు పూర్తిగా కనపడుతుంది. పక్క సీటు ఖాళీగా ఉంటే ఇంకా హాయి. కానీ ఈ ఆటలో పక్కవాడే సినిమా. వాడు లేకపోతే తెర మీద బొమ్మ పడదు. కాబట్టి టికెట్ కొనకుండా లోపలికి వచ్చినవాడు ఇక్కడ బరువు కాదు, మీరు అమ్మే సరుకులో వాడూ ఒక భాగం. ఉచితం అనే ఆలోచనకి మూలబలం ఇదే. అది సరైన ఆలోచనే, ఆ సంగతి నేను కాదనడం లేదు.

ఒక లెక్క వేద్దాం. కాగితం ఉన్నవాళ్ళు రాసుకోండి. అయిదుగురికి అయిదుగురు ఆడే ఆట. ఒక్కో మ్యాచ్ 20 నిమిషాలు. ఒక ప్రాంతంలో, అంటే ముంబై సర్వర్ మీద అనుకోండి, ఈ క్షణాన 600 మంది ఉన్నారు. 600 చిన్న సంఖ్య కాదే అనిపిస్తుంది. ఒక్కొక్కరూ 20 నిమిషాలకోసారి మళ్ళీ క్యూలోకి వస్తారు. 600ని 20తో భాగిస్తే నిమిషానికి 30 మంది. పదిమందికొక మ్యాచ్ కాబట్టి 20 సెకన్లకో మ్యాచ్ మొదలవుతుంది. బ్రహ్మాండం.

ఇప్పుడు మీ ఆటలో మూడు మోడ్‌లు ఉన్నాయి. ఒక్కో దానికి నిమిషానికి పదిమంది, నిమిషానికో మ్యాచ్. ఫరవాలేదు. మంచి ప్లేయర్‌నీ కొత్తవాడినీ కలపకూడదని నైపుణ్యాన్ని బట్టి అయిదు మెట్లు పెట్టారు. ఒక్కో మెట్టుకి నిమిషానికి ఇద్దరు. పదిమంది పోగవడానికి 5 నిమిషాలు. ఇక రాత్రి 3 గంటలకి 600 కాస్తా 60 అయితే? 50 నిమిషాలు! 20 నిమిషాల మ్యాచ్ కోసం 50 నిమిషాలు ఎవడు కూర్చుంటాడండి? అప్పుడు మ్యాచ్‌మేకర్, అంటే ఎవరిని ఎవరితో ఆడించాలో తేల్చే ప్రోగ్రాం, ఏం చేస్తుంది? మెట్లు కలిపేస్తుంది, లేదా హైదరాబాద్ వాడిని ముంబై బదులు సింగపూర్‌కి పంపుతుంది. పింగ్, అంటే సర్వర్‌కి సంకేతం వెళ్ళి రావడానికి పట్టే సమయం, పెరుగుతుంది. కొత్తవాడు పాతకాపుల చేతిలో ఉతికించుకుని వెళ్ళిపోతాడు. వాడు వెళ్ళాడు కాబట్టి క్యూ ఇంకా పెరుగుతుంది, క్యూ పెరిగింది కాబట్టి ఇంకొకడు వెళ్ళిపోతాడు. ఇక్కడ ఎవరూ ఏ తప్పూ చేయకపోయినా సరే, ఒక హద్దు దిగువకి వచ్చాక ఆట తనను తానే తినేస్తుంది.

ఉచితం చేయడమనే మందు పనిచేసేది ఈ ఒక్క జబ్బుకే. మనుషులు చాలక బాధపడుతున్న ఆట, మనుషులుంటే బాగుండే ఆట, దానికి పనిచేస్తుంది. అంతకుముందే చచ్చుగా ఉన్న ఆటకి పనిచేయదు. ఏది ఏ జబ్బో ఎలా తెలుస్తుంది? దానికి వస్తాను. ముందు బాగా చేసినవాళ్ళని చూద్దాం.

వాల్వ్ అనే కంపెనీ వాళ్ళ టీమ్ ఫోర్ట్రెస్ 2, రెండు జట్లు కాల్చుకునే ఆట. నిజానికి అది చావు బతుకుల్లో ఉన్న ఆట కాదు, ఆ మాట ముందే ఒప్పుకోవాలి. కానీ ఎలా చేశారో చూడండి. ఆట వచ్చింది 2007 అక్టోబర్‌లో. పాత్రలకి తొడిగే టోపీలు వచ్చింది 2009లో. ఆడుతుంటే వస్తువులు దొరికే పద్ధతీ అప్పటిదే. ఆటలోనే దుకాణం, తాళం వేసిన పెట్టెలు, వాటి తాళంచెవులు 2010 సెప్టెంబర్‌లో. ఉచితం చేసింది ఎప్పుడు? 2011 జూన్ 23న. అంటే దుకాణం తెరిచిన దాదాపు తొమ్మిది నెలల తర్వాత. ఎవరు ఏం కొంటున్నారు, ఏ ధరకి కొంటున్నారు, ఏది కొంటే మిగతావాళ్ళు గొడవ చేస్తున్నారు, ఇదంతా డబ్బిచ్చి కొన్న జనం మీద తొమ్మిది నెలలు చూసుకున్నాకే గేటు తీశారు. ఆ తర్వాత ఈ ఆట మీద ఆదాయం 12 రెట్లు అయిందని వాల్వ్ మనిషి గేమ్ డెవలపర్స్ కాన్ఫరెన్స్‌లో 2012లో చెప్పారు.

అందరూ ఈ 12 రెట్లే గుర్తుపెట్టుకుంటారు. ఆ తొమ్మిది నెలల్ని ఎవరూ గుర్తుపెట్టుకోరు. దయచేసి మీరు తొమ్మిది నెలల్ని గుర్తుపెట్టుకోండి.

ఇంకో చిన్న సంగతి, నాకు చాలా ఇష్టమైనది. ఉచిత ప్లేయర్‌కి సామాను సంచిలో 50 గడులు ఇచ్చారు, కొన్నవాళ్ళకి 300. దుకాణంలో ఏదైనా ఒక్కటి, ఎంత చిన్నదైనా సరే, కొంటే చాలు, ప్రీమియం అయిపోతారు. అంటే మొదటి కొనుగోలు మెట్టుని నేలకి దించేశారు. ఒక్కసారి జేబులోంచి డబ్బు తీసినవాడు రెండోసారి తీయడానికి పెద్దగా ఆలోచించడు. మొదటిసారే కష్టం. అంతకుముందు కొన్నవాళ్ళకి "కొన్నట్టు రుజువు" అనే పేరుతో ఒక టోపీ ఇచ్చారు. ఖర్చు ఏముంది దానికి? ఏమీ లేదు. కానీ నిన్నటి దాకా డబ్బు పెట్టినవాడు వెర్రివాడు కాలేదు.

రెండో మంచి ఉదాహరణ టర్బైన్ వాళ్ళ డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆన్‌లైన్. 2006లో నెలనెలా చందా కట్టే ఆటగా వచ్చింది, నిలదొక్కుకోలేకపోయింది. 2009 సెప్టెంబర్‌లో ఉచితం చేశారు. విచిత్రం ఏమిటంటే చందాదారులు తగ్గలేదు. 40 శాతం పెరిగారని టర్బైన్ ప్రకటించింది. ఎందుకు? ఆ ఆట నిర్మాణం చూడండి. పెద్ద ఖాళీ ప్రపంచం కాదు, విడివిడి నేలమాళిగలు. ఒక్కో సాహసం ఒక్కో గది లాంటిది. కాబట్టి దాన్ని ముక్కలుగా అమ్మడం తేలికైంది. ఈ ప్యాక్ కొనుక్కో, ఆ ప్యాక్ వద్దంటే మానుకో. పైగా ఆడుతూ కొన్ని పాయింట్లు సంపాదించుకుని వాటితోనే ప్యాక్ కొనుక్కోవచ్చు. కొన్నాళ్ళు అలా ముక్కలు కొన్నవాడు, "ఇన్ని ముక్కలు ఎందుకు, నెలకి కట్టేస్తే పోతుంది కదా" అనుకుంటాడు. మరుసటి ఏడాది లార్డ్ ఆఫ్ ద రింగ్స్ ఆన్‌లైన్‌కీ ఇదే దారి పట్టారు.

మీ ఆటలో ఇలా కోసి అమ్మగలిగే అతుకులు ఉన్నాయా? ఇది డిజైనర్ కూర్చుని ఆలోచించాల్సిన ప్రశ్న. మార్కెటింగ్ వాళ్ళకి వదిలేయకండి. అతుకు లేనిచోట కోస్తే రక్తం కారుతుంది. ఎలాగంటారా, స్టార్ వార్స్: ది ఓల్డ్ రిపబ్లిక్ చూడండి.

2011 డిసెంబర్ 20న విడుదల. రెండు నెలల్లో 17 లక్షల మంది చందాదారులు. మే నాటికి 13 లక్షలు. జులై వచ్చేసరికి 10 లక్షలకి దిగువన. నవంబర్ 15న ఉచితం. ఏడాది కూడా నిండలేదు! ఇంత హడావిడిగా చేసినప్పుడు గోడలు ఎక్కడ కట్టాలో తెలియదు. ఏం చేశారంటే, నైపుణ్యాల బొత్తాలు పెట్టుకునే పట్టీలు ఉంటాయి కదా, క్విక్‌బార్లు, ఉచిత ప్లేయర్‌కి వాటిలో రెండే ఇచ్చారు. ఆ ఆటలో పాత్రకి బోలెడు నైపుణ్యాలు. అవి పెట్టుకోవడానికి చోటే లేదు. తలమీది శిరస్త్రాణం కనపడకుండా దాచుకోవాలంటే డబ్బు. ఆలోచించండి, వంటకం రుచిగా ఉందని చెప్పి కూర్చోబెట్టి, విస్తరిలో సగం చించేసినట్టు. తినేవాడికి రుచి ఎలా తెలుస్తుంది? గోల అయ్యాక రెండు పట్టీల్ని నాలుగు చేశారు.

అయినా ఆ ఆట ఇవాళ్టికీ బతికే ఉంది. ఎందుకు బతికింది? ప్రతి వర్గానికీ 50వ లెవెల్ దాకా ఉన్న కథ మొత్తం ఉచితంగా ఇచ్చేశారు. ఆ కథే ఆ ఆట ప్రాణం. ప్రాణాన్ని ఉచితంగా ఇచ్చారు, పట్టీల దగ్గర పిసినారితనం చూపించారు. మొదటిది కాపాడింది, రెండోది పరువు తీసింది. ప్లేయర్ ఆడే తీరుకి అడ్డం పడేదానికి డబ్బు అడక్కండి. వేషానికి అడగండి, ఇంకో అధ్యాయానికి అడగండి, సౌకర్యానికి కొంచెం అడగండి. బొత్తాలకి అడక్కండి.

సరే. ఇప్పుడు కొంచెం బాధపెట్టే కేసు. ఇవాల్వ్. చేసినవాళ్ళు టర్టిల్ రాక్, ప్రచురించింది 2కే. 2015 ఫిబ్రవరి 10న పూర్తి ధర పెట్టి విడుదల చేశారు. నలుగురు వేటగాళ్ళు, ఒక రాక్షసమృగం. మృగం కూడా మనిషే ఆడతాడు. మొదట్లో తప్పించుకుని తిరుగుతూ, తింటూ, ఎదుగుతుంది. వేటగాళ్ళు జాడ పట్టుకుని వెంటాడాలి. ఆలోచన అద్భుతం, ఇప్పటికీ నేను అదే అంటాను. కానీ పూర్తి ధర పెట్టి కొన్నాక అదనపు మృగానికీ వేటగాడికీ మళ్ళీ డబ్బు అన్నారు. విడుదల రోజునే ఆ జాబితా చూసి జనానికి మనసు విరిగింది. ఏడాది తిరిగేసరికి పీసీలో ఒకేసారి ఆడుతున్నవాళ్ళు వందల్లోకి వచ్చేశారు.

2016 జులై 7న స్టేజ్ 2 అనే పేరుతో పీసీలో ఉచితం చేశారు. వందలు పోయి వేలొచ్చాయి. పది వేలు దాటారు. చూసేవాళ్ళకి అది చచ్చి బతికినట్టే కనపడింది. అదే ఏడాది అక్టోబర్ చివర్లో టర్టిల్ రాక్ ఆ ఆట మీద పని ఆపేసింది. నాలుగు నెలలు కూడా కాలేదు! ఆ తర్వాత 2018 సెప్టెంబర్‌లో డెడికేటెడ్ సర్వర్లు, అంటే మ్యాచ్‌లు నడపడానికే విడిగా పెట్టిన సర్వర్లు, మూశారు.

ఏమైంది? ధర ఒక్కటే జబ్బు అయితే ధర తీసేశాక బాగుపడాలి కదా? ఆ ఆట స్వభావం చూడండి. ఒకడికి నలుగురు. వేటగాళ్ళలో ఒక్కొక్కరికీ ఒక్కో పని. జాడ పట్టేవాడికి పని రాకపోతే మిగతా ముగ్గురూ అడవిలో జాగింగ్ చేసినట్టే. మృగం దొరకదు, పోరాటం లేదు, పదిహేను నిమిషాలు పరుగే. అంటే అయిదుగురిలో ఒక్కరు కొత్తవాళ్ళయినా అయిదుగురికీ ఆట చెడుతుంది. ఉచితం చేసిన రోజున అయిదుగురిలో ఎంతమంది కొత్తవాళ్ళు? నలుగురు, కొన్నిసార్లు అయిదుగురూ. ఆ ఆటకి అత్యంత అనువుకాని జనసమూహాన్ని ఒకేరోజు గేటు దగ్గర దింపారన్నమాట.

టర్టిల్ రాక్‌కి ఇది తెలియక కాదు. స్టేజ్ 2లో మృగాన్ని బంధించే గోపురం వేటగాళ్ళెవరైనా వేయగలిగేలా మార్చారు. అంతకుముందు ఒక్క ట్రాపర్‌కే, అంటే ఆ జాడ పట్టేవాడికే, ఆ వీలుండేది. చాలా తెలివైన మార్పు. పాతగా కొన్నవాళ్ళకి ఫౌండర్లని గౌరవమూ ఇచ్చారు. కానీ ఇలాంటి లోతైన మరమ్మతు నాలుగు నెలల్లో తేలేది కాదు. ఖర్చు పెట్టేవాడి ఓపిక, మరమ్మతుకి పట్టే కాలం ఈ రెండూ కలవలేదు. ఉచితం చేయడం ఒక్కరోజు పని కాదు, కనీసం ఏడాదిన్నర పని. ఏడాదిన్నరకి డబ్బు చేతిలో లేకపోతే మొదలుపెట్టకండి. నేను ఇది ఊరికే భయపెట్టడానికి చెప్పడం లేదు. ఆదాయ లెక్క కూడా వేసి చూపిస్తాను.

ఈ అంకెలు లెక్క కోసం అనుకున్నవే, మీ ఆటకి మీ అంకెలు వేసుకోండి. నెలకి లక్షమంది ఆడుతున్నారు. వందకి ముగ్గురు డబ్బు పెడుతున్నారు, అంటే 3,000 మంది. ఒక్కొక్కరూ సగటున నెలకి ₹400. మొత్తం ₹12 లక్షలు. బాగుంది కదా? ఇందులో 18 శాతం జీఎస్టీ కలిసే ఉంది. 1.18తో భాగిస్తే ₹10.17 లక్షలు. స్టీమ్ లాంటి ఆన్‌లైన్ ఆటల దుకాణం వాటా 30 శాతం. మిగిలింది దాదాపు ₹7.1 లక్షలు. పదిమందికి తలా ₹71 వేల జీతం ఇస్తే అయిపోయింది. సర్వర్ బిల్లు ఇంకా కట్టలేదు. చాట్‌ని అదుపులో పెట్టే మోడరేషన్ లేదు, మోసం చేసి ఆడేవాళ్ళని పట్టే యాంటీ చీట్ ప్రోగ్రాం లైసెన్స్ లేదు, ఆఫీసు అద్దె లేదు.

లక్షమంది! లక్షమంది ఆడే ఆట పదిమందిని పోషించలేదు. ఇది ఒంటబట్టించుకోవాలి.

పైగా డబ్బు పెట్టని 97,000 మంది వాడే సర్వర్ డబ్బు పెట్టినవాడు వాడేదే. ఒక ప్లేయర్‌కి సెకనుకి 30 కేబీ పంపుతుంటే గంటకి వంద ఎంబీ పైమాటే. క్లౌడ్‌లో బయటికి వెళ్ళే ప్రతి జీబీకీ బిల్లు పడుతుంది. అందుకని గేటు తీసేముందు ఇంజనీర్లకి ఇవ్వాల్సిన మొదటి పని కొత్త మ్యాప్ కాదు, ఒక్క సీపీయూ కోర్ మీద ఎన్ని మ్యాచ్‌లు నడపగలమో కొలిచి ఆ సంఖ్యని పెంచడం. ఒక కోర్‌కి రెండు మ్యాచ్‌లు నడిచేది నాలుగైతే సగం ఖర్చు మిగిలినట్టే. దీన్ని ఎవరూ ట్రైలర్‌లో చూపించరు. కానీ ఆట బతికేది ఇక్కడే.

ఇందాక ఒక ప్రశ్న పక్కన పెట్టాను. జబ్బు ఏదో ఎలా కనిపెట్టాలి? దానికి తేలికైన థర్మామీటర్ ఉంది. ఉచిత వారాంతం. గురువారం తెరిచి సోమవారం మూసేయండి. ఎంతమంది వచ్చారన్నది చూడకండి, దాంతో ఏమీ తెలియదు. మొదటి మ్యాచ్ పూర్తిచేయకుండా వెళ్ళిపోయినవాళ్ళు ఎంతమంది? శుక్రవారం వచ్చినవాడు శనివారం మళ్ళీ వచ్చాడా? క్యూ సమయం తగ్గిన ఆ రోజుల్లో మీ పాత ప్లేయర్లు మామూలుకన్నా ఎక్కువసేపు ఆడారా? ఈ చివరిది చాలా ముఖ్యం. పాతవాళ్ళు ఎక్కువసేపు ఆడితే మనుషుల కొరతే జబ్బు అని అర్థం. పాతవాళ్ళు కూడా ఎప్పటిలాగే గంట ఆడి వెళ్ళిపోతే, బాబూ, జబ్బు వేరే. అప్పుడు ఉచితం జోలికి పోకుండా ఆటని బాగుచేయండి.

ఇంకోటి, కొన్నవాడి ఓపికని ఉచిత ప్లేయర్ నుంచి ఆశించకండి. ₹1,500 పెట్టినవాడు మొదటి మ్యాచ్ ఓడిపోయినా, పెట్టిన డబ్బుకోసమైనా రేపు వస్తాడు. ఉచితంగా వచ్చినవాడు పది నిమిషాల్లో తీసి పారేస్తాడు. వాడు పోగొట్టుకునేదేమీ లేదు. అందుకని మొదటి పది నిమిషాలు కొత్తగా కట్టాలి. డౌన్‌లోడ్ సైజ్ దగ్గర నుంచీ. మన హాస్టళ్ళలో ఎంతమంది పిల్లలు ఫోన్ హాట్‌స్పాట్ మీద లాప్‌టాప్ నడుపుతున్నారో మీకు తెలుసు. రోజుకి 2 జీబీ ప్లాన్ మీద 60 జీబీ ఆట అంటే నెల రోజులు! ఆట ఉచితం, డేటా ఉచితం కాదు. మొదటి మోడ్‌కి కావలసింది ముందు దిగి, మిగతాది తర్వాత దిగేలా ముక్కలు చేయండి.

ఇక చీటర్ల సంగతి. వినడానికి ఇష్టం ఉండదు గానీ వినాలి. డబ్బు పెట్టి కొనే ఆటలో చీటర్‌ని బ్యాన్ చేస్తే వాడికి పడే శిక్ష ఆట ధర. మళ్ళీ కొనుక్కోవాలి. ఉచితం చేశాక ఆ శిక్ష విలువ ఒక కొత్త ఈమెయిల్ ఐడీ. రెండు నిమిషాలు. అంటే మీరు ధర తీసేసిన రోజున, మీకు తెలియకుండానే, మీ కాపలావాడిని కూడా తీసేశారు.

కౌంటర్ స్ట్రైక్: గ్లోబల్ అఫెన్సివ్‌ని 2018 డిసెంబర్ 6న ఉచితం చేశారు. అంతకుముందు కొన్నవాళ్ళందరికీ ప్రైమ్ హోదా ఇచ్చి, ప్రైమ్ వాళ్ళని వేరే మ్యాచ్‌మేకింగ్‌లో పెట్టారు. ఉచితంగా వచ్చినవాడు 21వ ర్యాంక్ దాకా ఆడి ప్రైమ్‌లోకి రావచ్చు, లేదా కొనుక్కోవచ్చు. మంచి గోడే. కానీ ఆడి సంపాదించే దారి ఉన్నచోట ఆ దారిని బాట్‌లతో, అంటే మనిషి బదులు ఆడే ప్రోగ్రాంలతో, తొక్కించేవాడూ ఉంటాడు. చివరికి 2021 జూన్‌లో ఆ దారి మూసేశారు. కొత్తవాడికి ప్రైమ్ కావాలంటే కొనుక్కోవడమే. ర్యాంకులు, దొరికే వస్తువులు అన్నీ ప్రైమ్ వాళ్ళకే. మీరు గమనించారా? రెండున్నరేళ్ళ తర్వాత ఆట మళ్ళీ సగం టికెట్ ఆటే అయింది. అది ఓటమి అని నేను అనను. ఉచిత గది ఒకటి, నమ్మకమైన గది ఒకటి. చాలా ఆటలకి చివరికి తేలే ఆకారం ఇదే, కాబట్టి మొదటి నుంచే అలా కట్టుకోండి అంటాను.

ఇందాక నేను మెచ్చుకున్న టీమ్ ఫోర్ట్రెస్ 2 కూడా దీన్నుంచి తప్పించుకోలేదు. గురిచూసి కాల్చే బాట్‌లు మ్యాచ్‌ల్ని ముంచెత్తి, చాట్‌లో చెత్త కుమ్మరిస్తుంటే 2020లో ఉచిత ఖాతాల చాట్‌కే కళ్ళెం వేయాల్సొచ్చింది. ఇంకేముంది, ఏ నేరమూ చేయని కొత్తపిల్లవాడు తోటివాళ్ళతో మాట్లాడలేకపోయాడు.

ఫోన్ నంబర్ అడగొచ్చు కదా అంటారు. ఓవర్‌వాచ్ 2 అనే ఆట అడిగింది. 2022 అక్టోబర్ 4న ఉచితంగా వచ్చింది, పది రోజుల్లో రెండున్నర కోట్ల మంది ఆడారు. కానీ కొన్ని ప్రీపెయిడ్ నంబర్లు చెల్లవన్నారు. డబ్బు పెట్టి మొదటి ఆట కొన్నవాళ్ళు కూడా ప్రీపెయిడ్ నంబర్ వల్ల బయట నిలబడ్డారు. గొడవై, పాత ఖాతాల్లో చాలావాటికి ఆ నిబంధన ఎత్తేశారు. మన దేశంలో అత్యధికం ప్రీపెయిడ్ సిమ్‌లే. ఇక్కడ ఆ నిబంధన అలాగే పెడితే ఊరంతా బయటే ఉంటుంది. నంబర్ అడగండి, కానీ ర్యాంక్ మ్యాచ్‌లకి మాత్రమే అడగండి. ఏ రకం సిమ్ అని అడక్కండి. ఒక నంబర్‌కి ఒక్క ఖాతా, బ్యాన్ పడితే ఆ నంబర్‌కీ బ్యాన్. సరదా మ్యాచ్‌లకి ఏమీ వద్దు.

పాత కొనుగోలుదారుల మాట కూడా చెప్పి తీరాలి. మీ ఆట కష్టాల్లో ఉన్నప్పుడు దాన్ని ఆడుతున్నవాళ్ళే మీ ఆస్తి. ఉచితం ప్రకటన రాగానే వాళ్ళలో మొదట పుట్టేది సంతోషం కాదు, "నేను కట్టిన డబ్బు?" అనే మంట. రాకెట్ లీగ్ 2020 సెప్టెంబర్ 23న ఉచితం అయినప్పుడు పాతవాళ్ళకి అంతకుముందు వచ్చిన రాకెట్ లీగ్ పేరుతో ఉన్న డీఎల్‌సీలన్నీ, అంటే విడిగా అమ్మిన అదనపు ప్యాక్‌లన్నీ, ఇచ్చేశారు. ఏ సంవత్సరం నుంచి ఆడుతున్నారో చెప్పే బిరుదు పేరు కింద కనపడేలా పెట్టారు. ఆ బిరుదు చూడండి, ఎంత చక్కటి ఆలోచన! పాతవాడి వయసునే నగ చేసి తొడిగారు. ప్రకటనకీ ఉచితానికీ మధ్య రెండు నెలలైనా గడువివ్వండి. ప్రకటనకి ముందు నెలలో కొన్నవాళ్ళకి అడగకుండానే డబ్బు వెనక్కి ఇవ్వండి, లేదా ఆటలోని దుకాణంలో ఖర్చుపెట్టుకునే, అంత విలువైన నాణేలు ఇవ్వండి. ఆ ఖర్చు చిన్నది. వాళ్ళు రాసే రివ్యూల ఖర్చు పెద్దది.

తొలిరోజు గురించి ఒక్క మాట. వైల్డ్‌స్టార్ 2015 సెప్టెంబర్ 29న ఉచితం అయింది. జనం వచ్చారు. సర్వర్లు మోయలేకపోయాయి, లాగిన్ క్యూలు, తడబాటు. ఉచితంగా వచ్చినవాడు లాగిన్ క్యూలో నిలబడడండి. పక్కన ఇంకో ఉచిత ఆట ఉంది. వైల్డ్‌స్టార్ 2018 నవంబర్ 28న మూతపడింది. ఒకేరోజు ప్రపంచమంతా తెరవక్కర్లేదు. ముందు ఒక ప్రాంతంలో, ఓ నెల తర్వాత ఇంకో ప్రాంతంలో. మీరు ఊహించిన గరిష్ఠానికి మూడింతల కృత్రిమ లాగిన్‌లతో ముందే తొక్కించి చూడండి. తరచుగా ముందు కూలేది మ్యాచ్ సర్వర్ కాదు, లాగిన్, సామాను సంచి డేటాబేస్. ఆ రెండింటినీ విడిగా పరీక్షించండి.

ఇక్కడ ఎవరో చేయి ఎత్తారు. అవునమ్మా, చెప్పండి. ఆమె అడుగుతున్నది, అన్నీ సరిగ్గా చేసినా నిలబడకపోతే ఏం చేయాలి అని. మంచి ప్రశ్న, దీంతోనే ముగిద్దాం.

నాకౌట్ సిటీ అని బంతులతో కొట్టుకునే ఆట, వెలాన్ స్టూడియోస్ వాళ్ళది. 2021 మేలో అమ్మకానికి వచ్చింది, 2022 జూన్ 1న ఉచితం చేశారు, 2023 జూన్ 6న సర్వర్లు మూశారు. ఏడాది ప్రయత్నించారు, నిలవలేదు. కానీ మూసేముందు, ఎవరి కంప్యూటర్‌లో వాళ్ళు సర్వర్ నడుపుకునేలా పీసీలో ప్రైవేట్ సర్వర్ వెర్షన్ ఉచితంగా వదిలారు. స్నేహితులున్నవాడు ఇవాళ కూడా ఆడుకోవచ్చు.

ఇది చివరి వారంలో అనుకుంటే అయ్యే పని కాదమ్మా. ఉచితం చేసే ప్లాన్ రాసే రోజునే ఒక కాగితం మీద రాసుకోవాలి. సర్వర్ ప్రోగ్రాంలో బయటివాళ్ళ దగ్గర కొన్న భాగాలు ఏవి, వాటి లైసెన్స్‌లో జనానికి పంచే హక్కు ఉందా లేదా. పాటల హక్కులు ఎప్పటివరకు. లాగిన్ లేకుండా సర్వర్ లేస్తుందా. యాంటీ చీట్ తీసేస్తే ఆట మొదలవుతుందా. మూసివేత ప్రకటించిన నిమిషానే నాణేల అమ్మకం ఆపేయండి. ఉన్న నాణేలు ఖర్చుపెట్టుకోవడానికి కనీసం మూడు నెలలు ఇవ్వండి. దుకాణంలో ధరలన్నీ తగ్గించేయండి. సర్వర్ ఫైలు విడుదల చేసేది మూసిన రోజున కాదు, కనీసం రెండు వారాల ముందు. అప్పుడు దాన్ని నడపడం రానివాళ్ళకి వచ్చినవాళ్ళు నేర్పడానికి ఆటలోనే చాట్ ఇంకా తెరిచి ఉంటుంది.